ఖాళీగా కనబడిన యంత్రములు

పూర్వవిద్యార్థుల పుటకు మా యుద్యోగమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుమని పత్రికవారు కోరిరి. మాలో నొకడు తెనాలివాడు, ఒకడు బాపట్లవాడు, ఒకడు రేపల్లెవాడు. మువ్వురము ఈ పాఠశాలలో నొకే బల్లపై కూర్చుండి చదివితిమి. ఇప్పుడు హైదరాబాదులో నొకే కార్యాలయమున పనిచేయుచున్నాము. సెలవులకు వచ్చినప్పుడెల్ల, "మీరు చేయు పని యేమి నాయనా?" అని పెద్దలడుగుదురు. యంత్రములను చూచుచుందుమని చెప్పి తప్పించుకొనుట మాకు అలవాటు. ఈసారి తప్పించుకొనక చెప్పెదము.

సర్వరనగా రాత్రింబవళ్లు ఎడతెగక ఇతరుల పనులు చేసిపెట్టు కంప్యూటరు. నేను చెప్పబోవు కాలమున అని వ్రాయబోయి, మువ్వురము గనుక దిద్దుకొంటిమి: మేము చెప్పబోవు కాలమున అట్టివి పండ్రెండు మా యధీనమున నుండెను. అవి ఎచ్చటనో దూరమున నొక భవనములో నుండును. మేము వానిని కన్నులార చూచి యెరుగము. నల్లని తెరపై ఆజ్ఞను టైపు చేసినచో జవాబు అక్షరములలో వచ్చును, అంతియే. వీనినన్నిటిని ఒక్క గుంపుగా నడపు సాఫ్టువేరు పేరు కూబర్నెటీస్. గూగుల్ వారు 2014లో దీనిని లోకమునకు విడిచిరి. గ్రీకుభాషలో ఆ మాటకు కర్ణధారుడని యర్థము. ఏ పని యే యంత్రముపై నెక్కవలెనో నిర్ణయించునది యిదియే. పండ్రెండింటిని విడివిడిగా విచారించుట విసుగు గనుక ఆజ్ఞలను వరుసగా నొక ఫైలులో వ్రాసి యుంచుకొందుము. దానిని స్క్రిప్టందురు. కాలువ వెంట నడచి తూము తూమున నీటిమట్టము చూచి వచ్చు లస్కరు వంటిది.

మా మొదటి స్క్రిప్టు పది పంక్తులు. 'కూబ్‌సీటీఎల్ టాప్ నోడ్స్' అను ఆజ్ఞ ఒక్కొక్క యంత్రమున నెంత మెమరీ వాడుకలో నున్నదో చెప్పును. మేము వానిని కూడి, మొత్తములో నుండి తీసివేసి, మిగిలినది ఒకే సంఖ్యగా కనబడునట్లు వ్రాసితిమి. ఒకే సంఖ్య చూచుట సుఖము. పై యధికారులకు అది మిక్కిలి నచ్చెను. నిజము చెప్పవలెనన్న మాకును నచ్చెను.

2023 డిసెంబరు 4వ తేది రాత్రి. మిచౌంగ్ తుపాను మన తీరమునకు వచ్చుచుండెను. మరునాటి మధ్యాహ్నము బాపట్ల సమీపమున దాటినది. డెల్టాలో వరికోతల కాలము. కోసిన పనలు చేలలోనే యుండెను. వర్షసూచనలను గ్రామములవారీగా లెక్కకట్టి రైతుల ఫోనులకు సందేశములు పంపు పని యొకటి మా యంత్రములపై నడువవలసి యుండెను. దానికి 16 జీబీల మెమరీ కావలెను. మా స్క్రిప్టు చూడగా 358 జీబీలు ఖాళీ. అయినను ఆ పని మొదలు కాలేదు. 'పెండింగు' అను నొక్క మాట తెరపై నిలిచిపోయెను.

రెండుసార్లు తీసివేసి మరల పెట్టితిమి. లాభము లేదు. బాపట్లవాని తల్లిగారు ఫోను చేసి, "గాలి పెరిగింది నాయనా, మీరు తిన్నారా?" అని యడిగిరి. వాడు తిన్నామని అబద్ధమాడెను.

రాత్రి యొంటిగంటకు బుద్ధి వచ్చి, ఆ పనినే 'డిస్క్రైబ్' అను ఆజ్ఞతో విచారించితిమి. పండ్రెండింటిలో నొక్కటియు పనికిరాదు, పండ్రెండింటను మెమరీ చాలదు అని జవాబు. అప్పుడు యంత్రముల నొక్కొక్కదానిని అడిగితిమి. ఒక్కొక్కటి 64 జీబీలది. ప్రతిదానిలోను సుమారు 57 జీబీలు ముందే కోరబడి యున్నవి. మిగిలినవి ఏడేడు. అన్నియు కూడిన 84 కావచ్చును గాని, పదునారు కావలసినవానికి పండ్రెండు చోట్ల ఏడేసి యున్న నేమి ప్రయోజనము?

ఇచ్చట రేపల్లెవాడు నవ్వెను. తెనాలి స్టేషనులో రేపల్లె పాసింజరు వచ్చి నిలువగానే కిటికీలో నుండి తువ్వాళ్లు విసరుట మన మెరుగనిది కాదు. పెట్టెలో మనుష్యులు పలుచగా నుందురు, కూర్చుండ చోటుండదు. కూబర్నెటీసు లెక్కించునది మనుష్యులను గాదు, తువ్వాళ్లను. ప్రతి కార్యక్రమము తనకింత కావలెనని ముందుగా వ్రాసికొనును. వాడినను వాడకున్నను అది దానిదే. ఇది అన్యాయము కాదు. అందరు నొకేసారి వచ్చి కూర్చుండినచో యంత్రము మెమరీ చాలక ఎవరినో యొకరిని చంపవలసి వచ్చును. మా స్క్రిప్టు మాత్రము మనుష్యులనే లెక్కించుచుండెను.

పంక్తులు మార్చి వ్రాసితిమి. ఈసారి కూడిక లేదు. యంత్రమున కొక వరుస, వరుసకు మూడంకెలు: ఉన్నది, కోరినది, వాడినది. కోరినదానికిని వాడినదానికిని మిక్కిలి వ్యత్యాసమున్న కార్యక్రమములను క్రింద వేరుగ చూపించితిమి. అన్నిటికంటె పైన నున్న పేరు 'తెబారే'. 24 జీబీలు కోరినది, ఒక్కటియైన వాడుట లేదు.

మువ్వురము మాటలాడలేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె: మా యూళ్ల మొదటి యక్షరములు. రెండు నెలల క్రిందట మేమే ప్రయోగమునకు పెట్టి మరచినది. ఇతర శాఖలవారిపై ఫిర్యాదు వ్రాయుటకు మేము అప్పటికే సగము ఉత్తరము సిద్ధము చేసియుంటిమి, దానిని చెరిపివేసితిమి.

తెబారేను తీసివేసిన నిమిషములోనే పెండింగు పోయి పని నడువసాగెను. తెల్లవారుజామున మూడు దాటిన పిదప సందేశములు వెళ్లినవి. అంతకు నాలుగు గంటల ముందు వెళ్లవలసినవి.

ఉదయము బాపట్లవాడు ఇంటికి ఫోను చేసెను. సందేశము చేరినదట. "నిన్న మధ్యాహ్నమే ఆకాశం చూసి కుప్ప వేయించాను గదరా" అనిరి తల్లిగారు. మరునాడు మరల మాటలాడగా, కుప్ప నిలిచినదిగాని దానిపై కప్పిన పట్టా మాత్రము గాలికి పోయి పొరుగువారి కొబ్బరిచెట్టున చిక్కుకొన్నదని చెప్పిరి.