డౌట్లు చివర్లో

మావాడి సీసీఎన్ఏ కోర్సు ఫీజు నా చీటీ డబ్బుల్లోంచి కట్టాను. అమీర్‌పేటలో క్లాసు. రోజూ రెండు బస్సులు మారి వెళ్ళేవాడు. సారు స్లైడ్లు చదువుకుంటూ పోతారట. మధ్యలో అడిగితే "డౌట్లు చివర్లో" అంటారట. ఆ చివర ఎప్పుడూ రాదు. అప్పటికే తర్వాతి బ్యాచ్ వాళ్ళు గుమ్మంలో నిలబడి ఉంటారు.

నెల తిరిగేసరికి వీడు అన్నం దగ్గర మాట్లాడటం మానేశాడు. ఓ రాత్రి "నాకు సబ్‌నెట్టింగ్ రావట్లేదమ్మా, నీ డబ్బులు దండగ" అన్నాడు. నాకు కోపం రాలేదు, భయమేసింది.

మర్నాడు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ "నాకు చెప్పు, నాకెలాగూ ఏమీ తెలీదుగా" అన్నాను. స్లాష్ 26 అంటే 64 అడ్రసులట. మొదటిదీ చివరిదీ తీసేస్తే వాడుకోవడానికి 62. "ఆ రెండూ ఏం పాపం చేశాయిరా?" అన్నాను. కాసేపు ఆలోచించాడు. "మొదటిది వీధి పేరు లాంటిదమ్మా, ఇంటి నంబరుగా ఎలా ఇస్తాం? చివరిది వీధి మొత్తాన్నీ ఒకేసారి పిలవడానికి" అన్నాడు. చెప్పాక వాడి మొహమే వెలిగింది.

ఇప్పుడు ఇంట్లోనే ప్యాకెట్ ట్రేసర్‌లో ప్రాక్టీసు చేస్తున్నాడు. పరీక్ష ఇంకా రాయలేదు. ఫీజు పోయిందన్న బాధ నాకు లేదనను. కానీ అన్నం దగ్గర మళ్ళీ మాట్లాడుతున్నాడు.