మోరాలో నెక్ నైఫ్ షాపింగ్.. బ్లేడు కన్నా తాడే ముఖ్యం!

యూట్యూబ్‌లో ఈడీసీ వీడియోలు చూసేవాళ్లకి నెక్ నైఫ్ కొత్తేం కాదు. ఈడీసీ అంటే రోజూ వెంట ఉంచుకునే సామాన్లు. నెక్ నైఫ్ అంటే ఒరతో సహా తాడుకి వేలాడదీసి మెడలో వేసుకునే చిన్న కత్తి. మంచిది ఎలా ఎంచుకోవాలి? కత్తులే ఇంటిపేరైన ఊరు ఒకటుంది, అక్కడికే వెళ్దాం. స్వీడన్‌లోని మోరా!

స్టాక్‌హోమ్‌లో రైలెక్కితే దాదాపు నాలుగు గంటలు. రెట్విక్ దగ్గరికొచ్చేసరికి కిటికీలోంచి సిల్యాన్ సరస్సు, పైన్ చెట్లు, ఇటుక రంగు చెక్క ఇళ్లు కనిపిస్తాయి. ఏటా మార్చిలో జరిగే 90 కిలోమీటర్ల వాసలోపెట్ స్కీ రేసు ముగిసేది మోరాలోనే. పక్కనే ఉన్న ఓస్ట్‌నూర్ పల్లెలో 1891లో ఫ్రాస్ట్ ఎరిక్ ఎర్సన్ ఒక ఫ్యాక్టరీ పెట్టారు. ఇప్పటి మోరాక్నివ్ కత్తుల కథ అక్కడే మొదలైంది.

మెడలోనే ఎందుకు?

ఇదంతా చలి తెచ్చిన తంటా. జాకెట్ మీద జాకెట్ వేసి, పైనుంచి బ్యాగు బెల్టు నడుముకి బిగిస్తే మొలలో ఉన్న కత్తి చేతికందదు. ఛాతీ మీద ఉంటే టక్కున తీయొచ్చు.

ఏం చూడాలి?

మొదట చూడాల్సింది తాడు. కొమ్మకో, బ్యాగు పట్టీకో చిక్కుకుంటే అది తనంతట తాను విడిపోవాలి. విడిపోని గట్టి తాడు ఉరితాడుతో సమానం! అందుకే గట్టిగా గుంజితే ఊడే క్లిప్ ఉన్నదే తీసుకోండి.

తర్వాత ఒర. కత్తి పిడి కిందికి వేలాడుతుంది కాబట్టి ఒర పట్టు వదిలితే అంతే సంగతులు. దూరంగా పట్టుకుని, తలకిందులుగా గట్టిగా ఊపి చూడండి. కదలకూడదు. కానీ బొటనవేలితో నెడితే వచ్చేయాలి.

స్టీలు విషయానికొస్తే, ఛాతీ మీద చెమట పడుతుంది. కార్బన్ స్టీలు తుప్పు పడుతుంది కాబట్టి స్టెయిన్‌లెస్ మేలు. మోరాక్నివ్ వాళ్ల ఎల్డ్రిస్ మోడల్‌లో బ్లేడు 59 మిల్లీమీటర్లే, మందం 2 మిల్లీమీటర్లు. పుల్లలు చెక్కడానికి, తాడు కోయడానికి, యాపిల్ తరగడానికి అది చాలు. పిడి మీద కనీసం మూడు వేళ్లు పట్టాలి. గ్లౌజులతో కూడా పట్టుకుని చూడండి.

పరిగెత్తేటప్పుడు, సైకిల్ తొక్కేటప్పుడు మాత్రం మెడలోంచి తీసేయండి. బోర్లా పడితే అది నేరుగా ఛాతీకే తగులుతుంది.

ఆఫీసుకి వేసుకెళ్లొచ్చా?

స్టాక్‌హోమ్‌లోని మనవాళ్లలో ఎవరికైనా ఈ డౌట్ రావచ్చు. సమాధానం: వద్దు! ఇంత కత్తుల చరిత్ర ఉన్న స్వీడన్‌లోనే 1988 నాటి చట్టం ప్రకారం సరైన పని లేకుండా బహిరంగ స్థలాల్లో కత్తి పెట్టుకు తిరగడం నేరం. అడవిలో పుల్లలు చెక్కుతుంటే అది పనిముట్టు. మెట్రోలో మెడలో వేలాడితే పోలీసులు ఆపి అడుగుతారు. 'ఆత్మరక్షణ కోసం' అంటే అక్కడ చెల్లదు.

కాబట్టి 'ఎవ్రీడే' అన్న మాటని ట్రెక్కింగ్ రోజులకే పరిమితం చేసుకోండి. ఊళ్లోకి రాగానే కత్తి బ్యాగు అడుక్కి చేరాలి. ఇండియాకి తెస్తుంటే చెకిన్ లగేజీలోనే పెట్టండి. క్యాబిన్ బ్యాగులో దొరికితే కత్తి మీద ఆశ వదులుకోవాల్సిందే!