మాస్టారి రేడియో

మదరాసులో తెలుగువారు చాలాకాలంగా స్థిరపడిన వీధి అది. వీధి చివరి మేడపై రెండు వెదురుగడల నడుమ ఒక రాగితీగ ఉండేది. బట్టలు ఆరవేసే తీగ అనుకొని ఒకసారి ఎవరో దానిపై చీర కూడా ఆరవేశారు. నిజానికి అది లెక్కల మాస్టారి ఏరియల్. మాస్టారు ప్రభుత్వ పరీక్షలో నెగ్గి లైసెన్సు పొందిన 'హామ్'. లాభాపేక్ష లేకుండా సొంత రేడియో కేంద్రం నడుపుతూ, దూరదేశాలలోని తోటివారితో సంభాషించే ఔత్సాహికులను హామ్‌లంటారు.

1980ల నాటి ఒక ఆదివారం సాయంత్రం. మాస్టారు మైకు అందుకోగానే పక్కింటి టీవీ తెరపై చారలు పరుగెత్తాయి. పక్కింటి పెద్దాయన కోపంగా వచ్చారు.

"మాస్టారూ! మీరు ఏ దేశంతోనైనా మాట్లాడుకోండి. మా ఇంట్లో సినిమా చెడగొడితే ఎలాగండీ?"

మరునాటికి ఏరియల్ తీగ తెగి ఉంది. ఎవరు తెంచారని మాస్టారు అడగలేదు. లైసెన్సు చూపి వాదించనూ లేదు. కాగితం తీసుకొని లెక్క వేశారు. తాను మాట్లాడినది 21 మెగాహెర్ట్జ్‌ల మీద. ట్రాన్స్‌మీటరు తన పౌనఃపున్యంతోపాటు దాని గుణిజాలను కూడా కొద్దిగా వెలువరిస్తుంది. 21కి మూడు రెట్లు 63. పక్కింట్లో చూసే నాలుగవ ఛానల్ 61 నుండి 68 మెగాహెర్ట్జ్‌ల నడుమ ఉంది. తప్పు తన పెట్టెలోనే ఉంది!

ఆయన తీగచుట్టలు, కండెన్సర్లతో ఒక ఫిల్టరు తయారుచేసి, పైస్థాయి తరంగాలు బయటికి పోకుండా అడ్డుకట్ట వేశారు. పెద్దాయనను టీవీ ముందు కూర్చోబెట్టి, రేడియోలో మాట్లాడి చూపించారు. బొమ్మ చెదరలేదు. తెగిన తీగను తిరిగి కట్టేటప్పుడు వెదురుగడ పట్టుకున్నది ఆ పెద్దాయనే.

కొన్నేళ్ళకు ఇబ్బంది మాస్టారికే వచ్చింది. రేడియోలో 'గర్ర్' మనే మోత మాటలను మింగివేసేది. వాన కురిసిన రోజున మాత్రం వినిపించేది కాదు. ఆయన ముందుగా తన ఇంటి మెయిన్ కట్టివేసి, రేడియోను బ్యాటరీతో నడిపి చూశారు. మోత తగ్గలేదు. అంటే కారణం బయట ఉంది. చేతిరేడియోతో వీధిలో నడిచారు. టార్చిలైటు పట్టుకొని పెద్దాయన తోడు వచ్చారు. ఒక కరెంటు స్తంభం దగ్గర మోత మిన్నుముట్టింది. స్తంభాన్ని ముట్టుకోకుండా దాని సంఖ్య రాసుకొన్నారు. తీగల బిగింపు వదులైన చోట సన్నని నిప్పురవ్వలు పుట్టి, అవే రేడియో మోతగా మారుతాయి.

విద్యుత్ కార్యాలయంలో, "దీపాలు వెలుగుతున్నాయి కదా, ఇంకేమిటి?" అన్నారు. మాస్టారు స్తంభం సంఖ్య, మోత వచ్చే వేళలు రాసి అర్జీ పెట్టారు. దానిపై మొదటి సంతకం పెద్దాయనది. మూడుసార్లు తిరిగాక లైన్‌మన్ వచ్చి బిగింపు సరిచేశాడు. మోత ఆగింది.

ఇంత శ్రమ ఎందుకని అనిపించవచ్చు. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్ దీవులను ముంచెత్తింది. ఫోన్లు మూగబోయాయి. అప్పటికి హామ్ రేడియో పని మీద పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళి ఉన్న భారతీ ప్రసాద్, తన రేడియో ద్వారా బాధితుల క్షేమ సమాచారాలను ప్రధాన భూభాగానికి చేరవేశారు. అలాంటి వేళ దూరం నుండి వచ్చే గొంతు సన్నగా ఉంటుంది. అది చెవికి అందాలంటే గాలి నిశ్శబ్దంగా ఉండాలి. ఆ నిశ్శబ్దాన్ని కాపాడడానికి యంత్రాలతో పాటు ఇరుగుపొరుగుల మంచితనమూ కావాలి.