కుక్కకాటును తర్కశాస్త్రమును

మన పాఠశాలను విడిచి ఎనిమిది సంవత్సరములైనది. ఈ సంచికకేదైన వ్రాయుమని పూర్వపు తెలుగు మాస్టరుగారు సెలవీయగా, నేను ప్రస్తుతము చదువుచున్న శాస్త్రమును గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను.

సివిల్ సర్వీసు పరీక్షకై నేను తత్త్వశాస్త్రమును ఐచ్ఛిక విషయముగా గైకొంటిని. "దానివలన అన్నము పుట్టునా?" అని మా మేనమామగారు అడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. ఉదయమున అశోక్‌నగరులో కోచింగు తరగతి, పిదప రాత్రి వరకు చిక్కడపల్లి గ్రంథాలయము. ఇదియే నా దినచర్య. అచ్చట బల్లయొద్ద చోటు దొరకనినాడు ఆవరణలో చెట్టునీడ కూర్చుండి చదువుదును.

ఈ శాస్త్రమున నన్నాకర్షించిన భాగము జ్ఞానవిచారము. మనము 'ఎరుగుదుము' అనుకొనునది నిజముగా ఎరుగుదుమా యనునది దాని ప్రశ్న. వేయిసార్లు జరిగినది మరల జరుగునని నమ్ముటకు అలవాటు తప్ప ఆధారమేమని 18వ శతాబ్దమున స్కాట్లండు దేశీయుడగు డేవిడ్ హ్యూము అడిగెను. మన చార్వాకులు అంతకు బహుపూర్వమే యిట్టి సంశయమును లేవదీసిరి. నైయాయికులు చెప్పిన సమాధానములో 'ఉపాధి' యను మాట యొకటి గలదు. పొగను చూచి నిప్పు కలదనవచ్చును. నిప్పును చూచి పొగ కలదనరాదు. ఎర్రగా కాలిన యినుపకడ్డీలో నిప్పున్నను పొగ యుండదు గదా! నిప్పుచేత పొగ పుట్టించునది తడికట్టె. మన కంటబడక దాగియున్న యా నియమమే ఉపాధి. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దమున బాలురకై రచించిన 'తర్కసంగ్రహము'న నిది కలదు. నేను దీనిని కంఠస్థము చేసి, తరగతి పరీక్షలో వ్రాసి, మంచి మార్కులు పొందితిని.

గత వర్షాకాలమున ఒకనాటి ఉదయము, మన పాఠశాలలోనే తొమ్మిదవ తరగతి చదువుచున్న మా తమ్ముడు పాలప్యాకెట్టు తేబోగా వీధికుక్క పిక్క పట్టి కరచెను. ఎదురింటి అవ్వ పరుగెత్తి వచ్చి, "కారమద్దుడు. నా కొడుకులు ముగ్గురిని కుక్కలు కరచినవి, ముగ్గురికిని కారమే అద్దితిని, ముగ్గురును గుండ్రాళ్లవలె నున్నారు" అనెను. నాకా మాట సబబుగా తోచినది. నిజము చెప్పవలెనన్న, ఆనాడు నాకు హ్యూముపై పరీక్ష యుండెను. ఆలస్యమగునను చింతయే నాచేత తల యూపించినది. సాయంకాలము చూతము లెమ్మని బయలుదేరబోతిని.

ఏడవ తరగతితో చదువు మానిన మా అమ్మ నన్నాపి యొకే ప్రశ్న వేసెను: "ఆ ముగ్గురిని కరచిన కుక్కలకు పిచ్చి యుండెనని అవ్వకెట్లు తెలియును?"

నాకు నోట మాట రాలేదు. మూడు పుటలలో నేను వ్రాసిన ఉపాధిని ఆమె ఒక్క వాక్యమున అడిగినది. కుళాయి క్రింద సబ్బుతో పావుగంట గాయము కడిగి, ముగ్గురము ఆటోలో నారాయణగూడ ఐ.పి.ఎం.కు పోయితిమి.

అచ్చట వరుసలో నిలువబడి ఆలోచించితిని. కరచిన ప్రతి కుక్కకును పిచ్చి యుండదు. పిచ్చికుక్క కరచిన ప్రతివానికిని రోగము రాదు. బ్రతికినవారందరును కారమునకు సాక్షులగుదురు. రోగలక్షణములు పొడసూపినవాడు బ్రతుకుట దాదాపు లేదు గనుక, కారము పనిచేయలేదని సాక్ష్యమిచ్చుటకు వాడు రాడు.

గ్రంథాలయమున చదివిన మన నగరపు పాతకథ యొకటి అప్పుడు జ్ఞప్తికి వచ్చెను. అదియు కుక్కల కథయే. శస్త్రచికిత్సకు ముందు మత్తుగొల్పు క్లోరోఫారము వలన 1848లో ఇంగ్లండున హానా గ్రీనరను పదునైదేండ్ల బాలిక మరణించినది. కాలిగోరు తీయుటకై ఇచ్చిన మత్తది. అట్టి మరణములకు కారణము తేల్చుటకు 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదున రెండు విచారణసంఘములు కూడెను. వ్యయమును ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ప్రభుత్వము భరించెను. నడిపినవారు ఇచ్చటి వైద్యపాఠశాల యధిపతి ఎడ్వర్డు లారీ. రెండవ సంఘమునకు లండను నుండి లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు వచ్చెను. వందలకొలది కుక్కలకు క్లోరోఫారమిచ్చి చూడగా ముందు ఊపిరియు, పిమ్మట గుండెయు ఆగుచుండెను. కావున ఊపిరిని కనిపెట్టియున్న చాలును, నాడితో పనిలేదని లారీగారు బోధించిరి. 1911లో గుడ్మన్ లెవీ పిల్లులపై పరీక్షించి, మత్తు లోతుగా నున్నప్పుడు గాక, చాలీచాలక యున్నప్పుడే గుండె హఠాత్తుగా ఆగగలదని చూపెను. తడికట్టె అచ్చట దాగియుండెను!

లారీగారు అబద్ధమాడలేదు, ఆయన చూచిన కుక్కలన్నియు నిజమే. నాకు ఆయనయందు గౌరవము తగ్గలేదు. అవ్వ ముగ్గురిని చూచినది, ఆయన వందలు చూచెను. నేను ఒక్కదానినైన చూడకయే తల యూపితిని.

ఇంతలో మా వంతు వచ్చెను. తమ్ముడు సూదిని చూచి కండ్లు మూసికొనెను. నా పరీక్ష తప్పిపోయినది. మిగిలిన సూదులకు చీటిపై వ్రాసిన తేదీలు తప్పకుండ అమ్మయే వానిని తీసికొనిపోయెను.

పది దినములు గడచినను ఆ కుక్కకేమియు కాలేదు. నేటికిని అది మా వీధిమొగనే పండుకొనియుండును. అవ్వ దానిని చూపి, "చూచితివా నాయనా, నేను చెప్పలేదా? సూదులు దండుగ" అని నేను కనబడినప్పుడెల్ల ఎగతాళి చేయుచున్నది. ఆమెకు ఉపాధిని గూర్చి చెప్పుటకు రెండుసార్లు ప్రయత్నించితిని. రెండవసారి ఆమె నాకు చాయ పోసి యిచ్చి, "ముందు నీ పరీక్ష పాసుగమ్ము" అనెను.