దీపం పోయినా స్తంభం మిగిలింది

చెన్నై హైకోర్టు ఆవరణలో నల్లకోట్ల హడావుడి మధ్య గ్రీకు ఆలయం నుంచి ఊడదీసి తెచ్చినట్టుండే రాతి స్తంభం ఒకటి కనిపిస్తుంది. కక్షిదారులకు అదొక కొండగుర్తు, అంతే. కానీ 1844 నుంచి అర్ధ శతాబ్దం పాటు మద్రాసు వచ్చే ఓడలకు దారి చూపింది అదే.

స్తంభం వెలిసేనాటికి మద్రాసుకు ఓడరేవు లేదు. ఓడలు తీరానికి దూరంగా లంగరేస్తే, జనమూ సరుకూ మసులా పడవల్లో అలలను దాటి ఒడ్డుకు చేరాలి. అలాంటి చోట రాత్రిపూట దీపమే దిక్కు. 1796లో సెయింట్ జార్జి కోటలో ఓ భవనం మీద కొబ్బరినూనెతో వెలిగిన దీపం ఈ స్తంభం మీదికి మారింది. 1894లో పక్కనున్న హైకోర్టు గోపురమెక్కింది. 1977లో మెరీనాకు తరలిపోయింది. దీపం ఇల్లు మారిన ప్రతిసారీ పాత ఇల్లు కూలకపోవడం నగరం అదృష్టం. కోటలోని భవనం ఇప్పుడు మ్యూజియం. ఇక 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడేదాకా కోస్తా, సీమ కక్షిదారులు ఎక్కిన మెట్లు ఆ హైకోర్టు గోపురం కిందివే.

స్తంభాన్ని తీరిగ్గా చూడటమే కష్టం. 2015లో ఇక్కడికి సీఐఎస్‌ఎఫ్ పహరా వచ్చింది. ఆవరణలోని దారి మాదని ఎవరూ హక్కు చెప్పకుండా ఏటా ఒకరోజు గేట్లన్నీ మూసే ఆనవాయితీ అంతకన్నా పాతది. మెరీనా లైట్‌హౌస్‌ను 2013లో సందర్శకులకు మళ్లీ తెరిచారు. ఇక్కడ నాలుగు బెంచీలు వేసి, కోర్టు సెలవు రోజుల్లో ఒక్క గేటు తెరిస్తే చాలు. చెన్నైకి లైట్‌హౌస్ పార్కు దొరికినట్టే.