ఏ కండరానికి ఏ పని?

కండబలం ఉన్నవానికి కండల సంగతి తెలిసే ఉంటుందని లోకం భావిస్తుంది. అది ఎంత పొరపాటో నాకు ఒక మామిడికాయల గంప నేర్పింది.

మాది నూజివీడు మామిడి సీమలోని రెడ్డిగూడెం. కళాశాలలో చేరిన ఏడాది దినమూ వంద దండీలు తీసేవాణ్ణి. ఛాతీ విశాలమైంది, భుజాలు నిండాయి. వాటితోపాటు గర్వమూ పెరిగింది. వేసవి సెలవులలో తోటకు వెళ్లి, కూలీలు వారిస్తున్నా వినక, నిండు గంపను మోకాళ్లు వంచకుండా నడుము వంచి ఒక్క ఊపున ఎత్తబోయాను. నడుము పట్టేసింది. కాయలన్నీ నేలపాలయ్యాయి. పది రోజులు మంచం దిగలేదు. కోత ముమ్మరంగా సాగే ఆ రోజులలో నా వంతు బరువు కూడా మా అబ్బాజాన్ మోశారు. ఆ సిగ్గు నొప్పికంటె ఎక్కువ బాధించింది.

యౌవనంలో తాలీంఖానాలో సాము చేసిన మా నానా నన్ను చూచి నవ్వారు. "బేటా, గంపను చేతులు ఎత్తవు, పట్టుకుంటాయి అంతే. ఎత్తేవి తొడలూ, పిరుదులూ" అన్నారు. నేను కోలుకున్నాక ఒక బస్కీ తీయించి, లేస్తున్నప్పుడు తొడపై చేయి ఉంచమన్నారు. రాయిలా బిగుసుకున్న కండరం చేతికి తగిలింది.

ఆ తరువాత గ్రంథాలయంలో శరీర నిర్మాణ శాస్త్ర గ్రంథం తిరగవేశాను. దండీలో ప్రధానంగా శ్రమించేవి ఛాతీ కండరాలు, భుజాల ముందుభాగం, దండచేతుల వెనుకనున్న ట్రైసెప్స్. పొట్ట కండరాలు దేహం వాలిపోకుండా నిలుపుతాయి. బస్కీలో తొడల ముందున్న క్వాడ్రిసెప్స్, పిరుదులలోని గ్లూటియస్ పనిచేస్తాయి. కండరం లాగగలదే కాని నెట్టలేదు. అందుకే కండరాలు ఎదురెదురు జట్లుగా అమరి ఉంటాయి. బైసెప్స్ మోచేతిని ముడిస్తే, ట్రైసెప్స్ చాపుతుంది. దండీ నేలను తోసే వ్యాయామం. లాగే వీపు కండరాలకు అందులో దక్కే పని స్వల్పం. ఏడాదిపాటు నేను అద్దంలో కనిపించే కండలనే పోషించాను. గంప అడిగినవి అద్దంలో కనిపించనివి!

2000 సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్స్‌లో మన తెలుగు ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల తరగతిలో 110, 130 కిలోలు, వెరసి 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం సాధించారు. అంతటి బరువును నేలనుండి లేపేది ప్రధానంగా కాళ్ల బలం, తుంటి బలం.

తాలీం అనగా విద్య. మన పెద్దలు వ్యాయామశాలకు విద్య పేరు పెట్టడం ఊరకే కాదు. మన వ్యాయామశాల గోడపై తెలుగు, ఉర్దూ పేర్లతో ఒక కండరాల పటం ఉంచవలసిందిగా కమిటీ పెద్దలకు నా మనవి. మిత్రులారా, దండీల లెక్కకు ముందు ఆ పటాన్ని ఒకసారి చూడండి. అలా నేర్చుకున్న మీదట, మరుసటి వేసవిలో మా తోట గంపలు నేనే ఎత్తాను. అబ్బాజాన్ చెట్టునీడన కూర్చుని చూశారు.