అంకె వెనుక పేరు

మా సంఘపు బాప్తిస్మపు పుస్తకము, సమాధుల పుస్తకము ఇప్పుడు లైనక్స్ కంప్యూటరులో నున్నవి. ఏ ఫైలు ఎవరిదో తెలిసికొనుటకు మా యువకుడొకడు చిన్న స్క్రిప్టు వ్రాసెను. అందులోని "స్టాట్" అను ఆజ్ఞ యజమాని పేరును, గుంపు పేరును చెప్పును.

అయితే ఫైలు మీద పేరు వ్రాయబడి యుండదట, అంకె మాత్రమే. 1969లో మొదలైన యూనిక్స్ నాటి వాడుక యిది. ఆ అంకె ఎవరిదో "పాస్‌వర్డ్" పట్టీలోను, గుంపు అంకెను "గ్రూప్" పట్టీలోను వెదకి యంత్రము మనకు పేరు చెప్పును. పట్టీలో ఆ వరుస కొట్టివేసిన యెడల ఫైలు నిలిచియే యుండును గాని, పేరు రావలసిన చోట "అన్‌నోన్" అని వచ్చును. మన మంచి కాపరికి పట్టీ వెదకు పని లేదు!

మా సమాధుల పుస్తకమునకు అట్లే వచ్చినది. దానిని ఓపికగా ఎక్కించిన వృద్ధ పెద్ద ప్రభువునందు నిద్రించెను. ఆయన ఖాతాను ఎవరో తీసివేసిరి. మిగిలినది 1004. క్రొత్తవానిని చేర్చునప్పుడు ఖాళీయైన ఆ అంకెయే వానికి దొరకవచ్చును. అప్పుడు వృద్ధుని పని యంతయు ఆయన నెరుగని పిల్లవాని పేర కనబడును.

నన్నడిగిన, చనిపోయినవారి ఖాతా తీయరాదు. తాళము వేసిన చాలును. యువకుడు అదే అంకెతో ఆ వరుసను మరల వ్రాసి స్క్రిప్టు నడిపెను. పేరు వచ్చెను. ఆయన భార్యను పిలిపించితిని. ఆమెకు చదువు రాదు గనుక నేనే చదివి వినిపించితిని.